కాముని మంటకు కాపలా ఉంది, చేని మంటకు ఎవరున్నారు?



2026లో ఫాల్గుణ పున్నమి మార్చి 3న వస్తాంది. ఆరోజే చంద్రగ్రహణం కూడా ఉంది కాబట్టి కామదహనం ఆ రాత్రి చేయాల్నా, ముందు రాత్రి చేయాల్నా అని ఊర్లో చర్చ నడుస్తాంది. ఆ సంగతి మీ ఊరి పంతులును అడిగి తేల్చుకోండి. నేను చెప్పాలనుకున్నది వేరే.

మొన్న నందికొట్కూరు బస్టాండు కాడ టీ తాగుతాంటే ఒక పిల్లోడు గట్టిగా మాట్లాడుతాన్నాడు. చదువుకున్నోడే, మన పక్క ఊరోడే. "ఈ కామదహనాలు, భోగి మంటలు అన్నీ ఆపేయాల. ఉత్త పొగ, పొల్యూషన్" అన్నాడు. పక్కనున్న పెద్దాయనకు కోపం వచ్చింది. "తాతల కాలం నుంచి వస్తాండేది. ఆపేదానికి నువ్వెవరు?" అని లేచినాడు. ఇద్దరూ పది నిమిషాలు అరుచుకున్నారు. నేను వాళ్లను కాదు, వాళ్ల వెనకాల ఆకాశాన్ని చూస్తాన్నా. ఆత్మకూరు దిక్కు ఒక పొగ. జూపాడుబంగ్లా దిక్కు రెండు. కేసీ కాలువ అవతల ఇంకొకటి. ఎవరో పత్తి కట్టె కాలుస్తాండారు, ఎవరో మొక్కజొన్న చొప్ప కాలుస్తాండారు. ఏడాదికి ఒక్క రాత్రి మండే మంట కోసం కొట్లాడుకుంటాండే ఇద్దరిలో ఒక్కరు కూడా, సంక్రాంతి పోయినప్పటి నుంచి రోజూ సాయంత్రం మండుతాండే ఆ మంటల దిక్కు తల తిప్పలేదు.

అందుకే ఈ నాలుగు మాటలు. తిప్పి తిప్పి చెప్పను. కాముని మంట ఉండాల. చేని మంట పోవాల. ఈ రెండింటినీ ఒక గాటన కట్టి "సంప్రదాయం" అనేవాళ్లదీ తప్పే, రెండింటినీ ఒక గాటన కట్టి "పొల్యూషన్" అనేవాళ్లదీ తప్పే.

ముందు కాముని సంగతి చూద్దాం.

కథ మీకు తెలిసిందే. శివుడు తపస్సులో ఉన్నాడు. తారకాసురుణ్ని చంపాలంటే శివునికి కొడుకు పుట్టాల. తపస్సు చెడగొట్టమని దేవతలు మన్మథుణ్ని పంపినారు. ఆయన పూలబాణం వేసినాడు, శివుడు మూడో కన్ను తెరిచినాడు, మన్మథుడు బూడిదైనాడు. రతీదేవి ఏడ్చి మొరపెట్టుకుంటే ఒళ్లు లేకుండానే బతికే వరం దొరికింది. అందుకే ఆయనకు అనంగుడని పేరు.

ఈ మధ్య టీవీల్లో, ఫోన్లలో చూసి మన పిల్లోళ్లు "హోలికా దహనం" అంటాండారు. ఆ కథ కూడా మనకు పరాయిది కాదు. ప్రహ్లాదుణ్ని కాపాడిన నరసింహస్వామి వెలసిన అహోబిలం మన నంద్యాల జిల్లాలోనే ఉంది, అక్కడ బ్రహ్మోత్సవాలు కూడా ఈ ఫాల్గుణంలోనే జరుగుతాయి. అయినా మన పెద్దోళ్లు మంటకు పెట్టుకున్న పేరు కామునిది. ఆదోని మండలం సంతేకుడ్లూరులో హోలీ నాడు మగోళ్లు చీర కట్టుకొని, పూలు పెట్టుకొని పోయి రతీమన్మథులకు మొక్కు తీర్చుకుంటారు. చదువుకున్నోళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా సిగ్గుపడకుండా కట్టుకుంటారు. కాముడంటే మన సీమలో అంత గురి.

ఈ పండుగ ఈ కాలంలోనే ఎందుకొస్తాదో సేద్యగానికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. శనగ కల్లం అయిపోయింటాది. జొన్న ఇంటికి చేరింటాది. వేప చెట్టు ఆకు రాల్చి చిగురు పెడతాంటాది. ఇంకో పదహైదు దినాలకు ఉగాది. పాత ఏడాది ఎండుపుల్ల కాలిపోవాల, కొత్త ఏడాది దుక్కికి మనసు సిద్ధం కావాల. దానికోసం ఊరంతా కలిసి పెట్టుకునే ఒక్క మంట అది.

ఇప్పుడు అసలు మాట. ఆ మంటకు కట్టుబాట్లు ఉండేవి.

నా చిన్నప్పుడు మా ఊర్లో మా జేజినాయన వయసు వాళ్లు నిలబడి చేయించేవాళ్లు. నేను కళ్లారా చూసిన సంగతులే చెప్తాండా.

మొదటిది, జాగా. మంట ఎక్కడబడితే అక్కడ కాదు. ఊరి బయట బయలు జాగా ఒకటి ఉండేది. ఏటా అదే. వాములకు, కొట్టాలకు దూరం. పొద్దునే పిల్లోళ్లు దాని చుట్టూ గడ్డి గీకి, మట్టి తేలేటట్టు చేసేవాళ్లు.

రెండోది, కట్టె. ఇంటికొక కట్టె, ఐదు పిడకలు. పచ్చని చెట్టు కొట్టకూడదు. పిల్లోళ్లు దొంగతనంగా విరిగిన మంచం కోడు, పాత గుంటక చెక్క ఎత్తుకొచ్చేవాళ్లు, మర్నాడు తిట్లు తినేవాళ్లు. అది కూడా పండుగలో భాగమే. ఎవరిదో ఒకరి ఇంటి నుంచి అన్నీ రాకూడదు, అందరి ఇండ్ల నుంచీ అంతో ఇంతో రావాల. అప్పుడే అది ఊరి మంట.

మూడోది, గడియ. చంద్రుడు పైకొచ్చినాక, గాలి పడిపోయినాక వెలిగించేవాళ్లు. వెలిగించే ముందు మా జేజినాయన గుప్పెడు దుమ్ము తీసి పైకి విసిరి ఎటు పోతాదో చూసేవాడు. దుమ్ము ఊరి దిక్కు పోతే "ఉండండిరా" అనేవాడు. ఒక ఏడు రాత్రి బాగా పొద్దుపోయే దాకా ఆపినాడు. పిల్లోళ్లం అక్కడే నిద్రపోయినాం.

నాలుగోది, కాపలా. మంట మండేటప్పుడు ఊరంతా ఉంటారు, అందులో గొప్పేమీ లేదు. మంట తగ్గినాక ఎవరుంటారనేదే ముఖ్యం. ఇద్దరు పెద్ద మనుషులు నీళ్ల కడవలు పెట్టుకొని, కంబళ్లు కప్పుకొని తెల్లారే దాకా అక్కడే పండుకునేవాళ్లు.

ఐదోది, బూడిద. పొద్దున ఇంటికింత బూడిద తీసుకపోయేవాళ్లు. నొసట పెట్టుకున్నంత పెట్టుకొని, మిగిలింది మా అవ్వ అలసంద విత్తనాల కుండలో కలిపి మూత పెట్టేది. పురుగు పట్టకుండా. మంట కూడా వృథా పోకూడదు, అదీ లెక్క.

ఇవి హిందువుల ఒక్కరి సంగతులు అనుకోవద్దండి. మన ఊర్లలో పీర్ల పండుగకు చావిడి ముందర గుంత తవ్వి, ఆ గుంతలోనే అలాయి నిప్పు పెడతారు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయస్వామి కాడికి పోయినోళ్లకు తెలుసు, అగ్నిగుండం చుట్టూ వేలమంది ఉంటారు, అందులో ఏ కులమో ఏ మతమో ఎవరూ అడగరు. అయినా నిప్పు గుంత దాటదు.

క్రైస్తవుల ఈస్టరు చూడండి. అది కూడా పున్నమి లెక్కే. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటినాక మొదటి ఆదివారం. 2026లో ఏప్రిల్ 5. ఆర్‌సీఎం గుళ్లలో ముందురోజు రాత్రి గుడి బయట కొత్త నిప్పు చేసి, ఆ నిప్పుతో పెద్ద కొవ్వొత్తి వెలిగించి, దాంట్లోంచే అందరి చేతుల్లోని కొవ్వొత్తులకు అంటిస్తారు. మన ఊర్ల క్రైస్తవులు తెల్లవారకముందే సమాధుల తోటకు పోయి, కన్నోళ్ల సమాధి కాడ కొవ్వొత్తి పెట్టుకుంటారు. మా ఊర్లో ఒక ముసలామె ఆ కొవ్వొత్తి పూర్తిగా కరిగే దాకా చెయ్యి అడ్డం పెట్టుకొని అక్కడే కూర్చుంటాది. గాలికి ఆరిపోకూడదు, పక్కన ఎండు గడ్డికి అంటుకోకూడదు. ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు.

జర్మనీ, నెదర్లాండ్స్ పల్లెల్లో ఈస్టరుకు మన కాముని మాదిరే ఊరి మంట పెడతారు. నెదర్లాండ్స్‌లో ఎస్పెలో అనే పల్లెలో 2012లో దాదాపు 46 మీటర్ల ఎత్తు పేర్చి కాల్చినారు. మన ఊరి వాటర్ ట్యాంకు మీద ఇంకో ట్యాంకు పెట్టినా అంత ఎత్తు రాదు. కానీ జర్మనీలో చాలా ఊర్లలో దానికి కట్టుబాట్లు ఏమిటో తెలుసా? రంగేసిన కట్టె, టైరు, ప్లాస్టిక్ వేయకూడదు. ముందు నుంచి పేర్చిన కుప్పను వెలిగించే ముందు కదిపి మళ్లీ పేర్చాల, లోపల పిట్టో, చిన్న జంతువో గూడు కట్టుకొని ఉంటే బయటికి పోయేదానికి. అన్నిటికన్నా ముఖ్యం, అది ఊరంతా చేరే ఆచారం అయితేనే ఒప్పుకుంటారు. ఎవరి తోట చెత్త వాళ్లు వదిలించుకునేదానికి "ఈస్టరు మంట" అని పేరు పెడితే ఒప్పుకోరు.

ఈ చివరి మాట ఇంకోసారి చదవండి. ఆచారం వేరు, చెత్త వదిలించుకోవడం వేరు. ఎక్కడో ఉన్నోళ్లకు తెలిసింది మనకు తెలియకపోయింది.

ఏ మతమైనా, ఏ దేశమైనా, నిప్పుతో పండుగ చేసుకున్నోళ్లు మూడు సంగతులు నేర్చుకున్నారు. నిప్పుకు ఒక జాగా. ఒక గడియ. ఒక కాపలా. ఈ మూడూ ఉంటే అది పండుగ. లేకపోతే అది అగ్గి. అంతే.

మనం చేసిన తప్పేందంటే, ఈ మూడూ వదిలేసి ఉత్త నిప్పు ఒకటి పట్టుకున్నాం.

ముందు కాముని కాడ చేస్తాండే తప్పు. కట్టె సేకరించే ఓపిక పిల్లోళ్లకు లేదు, చెప్పే ఓపిక మనకు లేదు. పంక్చరు అంగడి కాడి నుంచి నాలుగు పాత టైర్లు తెచ్చి, పైన పెట్రోలు పోసి, అర్ధగంటలో కాముణ్ని కాల్చేస్తాండారు. ఆ నల్లపొగ ముసలోళ్ల గొంతులో, పసిపిల్లల ఊపిరిలో దిగుతాది. పొద్దున బూడిదలో ఇనుప తీగలు తేలుతాయి. ఆ బూడిద నొసట పెట్టుకుంటావా? విత్తనాల కుండలో వేస్తావా? పెట్రోలు పోసేటప్పుడు మంట వెనక్కి కొడితే పోయేది మన పిల్లోని మొగమే. టైరుతో కాల్చేది కామదహనం కాదు. దాన్ని ఆ టీ కొట్టు కాడి పిల్లోడు తిట్టినాడంటే, ఆ ఒక్క సంగతిలో వాడి మాట నిజమే.

ఇక చేని మంట.

ఇక్కడ నేను నీతులు చెప్పేముందు నా తప్పు చెప్పుకోవాల. నేను కాల్చినోణ్నే. ఒక సంవత్సరం కాదు, వరసగా చాలా సంవత్సరాలు కాల్చినా. ఆపింది బుద్ధి వచ్చి కాదు, దెబ్బ తగిలి.

నాలుగేండ్ల కిందట, ఇట్లే ఉగాది ముందర, మూడెకరాల మొక్కజొన్న చొప్పకు నిప్పు పెట్టినా. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు. గాలి అప్పటికే లేచింది. గెనెం మీద ఒక మూల అగ్గిపుల్ల గీసి, "దానంతట అదే కాలిపోతాదిలే" అని అన్నం తినేదానికి ఇంటికి పోయినా. ముద్ద నోట్లో పెట్టుకుంటాండగా ఫోను వచ్చింది. నేను పోయేసరికి సుడిగాలి లేచి మంట గెనెం దాటి, పక్క చేనాయన కల్లంలోకి పోయింది. ఆయన నాకు వరసకు మామ అవుతాడు. వరిగడ్డి వామి, జొన్న చొప్ప వామి రెండూ కాలిపోయినాయి. బోరు కేబులు, స్టార్టర్ డబ్బా, చుట్టి పెట్టుకున్న డ్రిప్పు పైపులు కాలిపోయినాయి. గెనెం మీద రెండు వేప చెట్లు, ఆయన నాయన నాటినవి, నిలువునా మాడిపోయినాయి.

మామ నన్ను తిట్టలేదు. స్టేషనుకు పోలేదు. "అగ్గి పెట్టినోడివి అక్కడే ఉండాల గదరా" అన్నాడు. అంతే. కేబులు, స్టార్టర్, పైపులు నేను కొనిచ్చినా. గడ్డి మాత్రం ఎంత తిరిగినా సరిపోను దొరకలేదు. ఎండాకాలం నెత్తిన కూర్చుంది, ఎవరి గడ్డి వాళ్లకే చాలదు. వైశాఖంలో ఆయన రెండు ఎనుముల్లో ఒకదాన్ని సగం ధరకు సంతకు తోలినాడు. పాలిచ్చే ఎనుము అది. లారీలో ఎక్కించేటప్పుడు అత్త ఇంట్లోంచి బయటికి రాలేదు. నేనక్కడే నిలబడినా. ఆ ఎనుము ధర ఎవరు కట్టగలరు?

నా మంటకు జాగా ఉంది, నా చేనే. గడియ లేదు. కాపలా లేదు. మా జేజినాయన గుప్పెడు దుమ్ము విసిరి గాలి చూసిన ఊరిలో పుట్టి, నేను అంత పని చేసినా.

ఇప్పుడు మీరు అనబోయే మాటలు నాకు తెలుసు. నేనూ అన్నవే కాబట్టి. ఒక్కొక్కటి చూద్దాం.

"బూడిద ఎరువే కదా, కాలిస్తే భూమికి బలమే" అంటారు. సగం నిజం, అందుకే ప్రమాదం. టన్ను వరిగడ్డిలో దాదాపు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 1.2 కిలోల గంధకం ఉంటాయని శాస్త్రవేత్తలు లెక్క కట్టినారు. కాలిస్తే నత్రజని దాదాపు మొత్తం గాలిలో కలిసిపోతాది. భాస్వరం నాలుగో వంతు, పొటాష్ ఐదో వంతు పోతాయి. మిగిలిన పొటాష్ బూడిదలో ఉంటాది, నిజమే, మన ఎండాకాలం గాలికి ఆ బూడిద నీ చేలో ఉంటే. ఎకరాకు రెండు టన్నుల గడ్డి అనుకుంటే 11 కిలోల నత్రజని. అంటే సగం బస్తా యూరియా. చేతులారా కాల్చేసి, మళ్లీ ఖరీఫులో అదే యూరియా బస్తాకు ఆధార్ కార్డు పట్టుకొని క్యూలో నిలబడతాం.

సగం బస్తానే కదా అంటారేమో. అసలు నష్టం అది కాదు. మన సీమ నేలల్లో సేంద్రియ కర్బనం తక్కువ. మీ భూసార పరీక్ష కార్డు ఒకసారి తీసి చూడండి. 0.5 శాతానికి తక్కువ ఉంటే "తక్కువ" అని రాస్తారు. ఆ అంకెను పెంచేది చొప్ప, గడ్డి, పేడ.  నల్లరేగడి కూడా ఆ పదార్థం ఉంటేనే వాన నీళ్లు పట్టి పెట్టుకుంటాది. మంట పెడితే పైన అంగుళం మట్టిలో మేలు చేసే సూక్ష్మజీవులు కూడా పోతాయి. శివుడు కాల్చిన కాముడు ఒళ్లు లేకపోయినా తన పని తాను చేసుకుంటాడు. నువ్వు కాల్చిన మట్టిలోని జీవి మళ్లీ లేచి నీ పని చేయదు.

"గులాబీ పురుగు ఉంది కదా, పత్తి కట్టె కాల్చకపోతే ఎట్ల?" అంటారు. ఇది న్యాయమైన ప్రశ్న. గులాబీ రంగు పురుగుతో మనం పడిన బాధ చిన్నది కాదు. పురుగున్న గుడ్డికాయలు ఏరి ఒక గుంతలో వేసి కాల్చు, నేను కాదనను. కానీ పురుగు కాయల్లోనూ, గింజల్లోనూ, నెర్రెల్లో మట్టి అడుగునా దాక్కుంటాది. పైన కట్టె మీద పోయే మంట అడుగున నెర్రెలోకి పోదు. దాన్ని చంపేది ఎండాకాలం లోతు దుక్కి. డిసెంబరుకు పత్తి తీసేయడం. ఇంకో తీత కాస్తాదని ఫిబ్రవరి దాకా నీళ్లు పెట్టకుండా ఉండడం. కడాకు గొర్రెల మంద తోలితే పచ్చి కాయలు, ఆకు అవి మేస్తాయి, ఎరువు మనకు మిగులుతాది. ఇవేవీ చేయకుండా మార్చిలో అగ్గిపుల్ల గీస్తే, ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. ఇంకో మాట. కట్టె కాల్చకుండా గెనెం మీద వామి వేసి జూన్ దాకా పెట్టేవాళ్లు కూడా పురుగును సాకుతాండారు. అదీ తప్పే.

"కూలీలకు ఎక్కడ తెచ్చేది?" అంటారు. దీనికి నా కాడ తియ్యటి జవాబు లేదు. పత్తి కట్టె పెరికించాలంటే కూలీ దొరకదు, దొరికినా పంట మీద వచ్చింది దానికే పోతాది. అగ్గిపెట్టె మాత్రం చవక. ఈ లెక్కలో ఒంటరి రైతు ఎప్పుడూ ఓడిపోతాడు. అందుకే ఒంటరిగా లెక్క వేసుకోకూడదు అంటాండా. ట్రాక్టరుకు తగిలించే శ్రెడ్డరు ఉంటే నిలబడిన కట్టెను ముక్కలు చేసి చేలోనే పరుస్తాది, దాని మీద రోటావేటరు తోలి, తొలకరికి మట్టిలో కలిపేయొచ్చు. అది ఒక్కరు కొనలేరు. పదిమంది కలిస్తే కొనొచ్చు. ప్రతి రైతు సేవా కేంద్రం పరిధిలో ఒక శ్రెడ్డరు అద్దెకు ఉండాలని మనం గట్టిగా అడగాల. "కాల్చొద్దు" అని బోర్డు పెట్టడం సులువు. మిషన్ పెట్టి మాట్లాడమనాల. అడిగే హక్కు మనకుంది, కానీ నేను అడిగి, నువ్వు అడిగి, ఇంకొకడు అగ్గిపుల్ల గీస్తాంటే ఎవరు వింటారు?

"తాతల కాలం నుంచి కాలుస్తాండాం" అంటారు. ఇది మాత్రం పచ్చి అబద్ధం. నాకు కోపం వచ్చేది కూడా దీని మీదనే. తాతల కాలంలో కాల్చేదానికి ఏం మిగిలింది? జొన్న చొప్ప ఎద్దులకు. కొర్ర గడ్డి, వరిగడ్డి వామికి. శనగ పొట్టు గొర్రెలకు. కంది కట్టెతో తడికెలు, బుట్టలు. పత్తి కట్టె పొయ్యి కిందికి, ఏడాదంతా వంట దానితోనే. ఒక్క పుల్ల చేలో మిగిలేది కాదు, మిగిలితే పక్కింటామె ఏరుకపోయేది. ఎద్దులు పోయినాయి, గ్యాసు వచ్చింది, హార్వెస్టరు వచ్చింది, 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినాక ఊరూరా పత్తే అయింది. చేలో మిగిలిపోయే కట్టె, గడ్డి అప్పటి నుంచి పెరిగినాయి. చేని మంట మన తాతలది కాదు, మనది. మన సోమరితనానికి తాతల పేరు పెట్టొద్దు.

ఆ టీ కొట్టు కాడి పిల్లోనికి కూడా ఒక లెక్క. టన్ను వరిగడ్డి కాలిస్తే దాదాపు 3 కిలోల సన్నని మసి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్, 1,460 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయని లెక్క. మా ఊరి కామునికి మహా అంటే ఒక ట్రాలీ కట్టె. అదీ ఏడాదికొక రాత్రి. ఒక్క ఊరి చేలల్లో కాలేది ఎన్ని ట్రాలీలో నువ్వే లెక్కపెట్టుకో నాయనా. పండుగను తిట్టడం సులువు, అది ఒక్కచోట కనిపిస్తాది. చేని మంటను తిట్టాలంటే నీ ఇంట్లో నీ నాయననే తిట్టాల. అక్కడ నోరు లేవదు.

ఇంకొకటి మరిచిపోవద్దు. ఆత్మకూరు దాటితే నల్లమల. దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం, నాగార్జునసాగర్–శ్రీశైలం. ఫిబ్రవరి నుంచి వానలు పడే దాకా అడివంతా ఎండుటాకు. అడివి అంచు చేలల్లో ఒకడు మధ్యాహ్నం పెట్టిన నిప్పు రాత్రికి ఏ కొండ మీద కనిపిస్తాదో చెప్పలేం. దుమ్ము విసిరి గాలి చూసేవాడు అక్కడ ఎవరూ లేరు.

సరే, తిట్టడం అయిపోయింది. ఈ పున్నమికి ఏం చేద్దామో చెప్తా. మా ఊర్లో నలుగురితో మాట్లాడినా, ఒప్పుకున్నారు. మీ ఊర్లో మీరు మాట్లాడండి.

ఒకటి. కామదహనానికి ప్రతి చేను నుంచి ఒక మోపు పత్తి కట్టె గానీ, కంప గానీ రావాల. సర్కారు తుమ్మ కంప గెనాల మీద ఎంత కావాలంటే అంత ఉంది, అది కొట్టి తెస్తే చేనూ బాగుపడతాది. టైరు, ప్లాస్టిక్, పెట్రోలు లేవు. తెచ్చినోణ్ని అక్కడి నుంచే వెనక్కి పంపాల.

రెండు. వెలిగించే ముందు ఒక పెద్దాయనతో గుప్పెడు దుమ్ము విసిరించండి. పిల్లోళ్లు చూడాల. ఎందుకని అడుగుతారు. అప్పుడు చెప్పండి.

మూడు. తెల్లారే దాకా కాపలా. వయసు పిల్లోళ్లే ఉండాల, ఫోన్లు చూసుకుంటూనైనా సరే. పక్కన ట్యాంకరు కాకపోతే నాలుగు డ్రమ్ముల నీళ్లు.

నాలుగు. ఆ మంట కాడనే, అందరూ ఉండగానే, ఒక మాట అనుకోవాల. ఈ ఏడు ఇదే ఊరి మంట, ఇంకో మంట లేదు. కాముని కాడ ఇచ్చిన మాటకు విలువ ఉంటాది. కాగితం మీద సంతకం కన్నా ఎక్కువ.

ఐదు. ఎవరికైనా కాల్చక తప్పని పని ఉంటే, పురుగు కాయలే అనుకో, చెట్టు రోగమే అనుకో, కాముని కట్టుబాట్లే దానికీ. గుంత తవ్వు. గాలి పడిపోయినాక పెట్టు. పక్క చేనాయనకు చెప్పి పెట్టు. ఆరిపోయే దాకా అక్కడే ఉండు. అన్నం ఆ పొద్దుకు గెనెం మీదికే తెప్పించుకో.

పోయిన ఏడు నా మూడెకరాల చొప్ప కాల్చలేదు. సగం మామ కొట్టానికి పోయింది, సగం చేలోనే ముక్కలు చేసి దున్నినా. నేల ఒక్క ఏడాదిలో బంగారం అయిపోయిందని అబద్ధం చెప్పను. మొదటి వానకు దున్నేటప్పుడు చొప్ప ముక్కలు గొర్రుకు తగులుకొని విసిగించినాయి, ట్రాక్టరు డ్రైవరు నన్ను తిట్టినాడు. కానీ ఆ ముక్కల కింద వానపాములు కనిపించినాయి. చానా ఏండ్ల తర్వాత.

మామ ఇంట్లో ఇప్పుడు మళ్లీ రెండు ఎనుములున్నాయి. అత్త నాతో మాట్లాడతాది గానీ, ఎండాకాలం వచ్చి ఎక్కడన్నా పొగ లేస్తే బయటికొచ్చి మా చేని దిక్కే చూస్తాది. నాలుగేండ్లయింది, ఇంకా చూస్తాది.

ఈ పున్నమికి కాముని కాడ కలుద్దాం. ఒక మోపు కట్టె తెచ్చుకోండి. ఎవరైనా అడిగితే, చేలో కాల్చేది కాదు, ఊర్లో కాల్చేదని చెప్పండి.